మ్యాట్రిజెల్ ఇన్వేజన్ చాంబర్: పెట్టెలో ఏముంది, ఎక్కడ మోసపోతాం

రొమ్ములోనో పెద్దపేగులోనో పుట్టిన గడ్డ అక్కడే ఉండిపోతే సర్జన్ చేతిలో పని చాలావరకు తేలిపోతుంది. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా అక్కడి నుంచి విడిపడి కాలేయానికో, ఊపిరితిత్తులకో, ఎముకకో, మెదడుకో చేరి కొత్తగా వేళ్లూనుకునే కణాలు. అందుకే క్యాన్సర్ మీద పనిచేసే ల్యాబ్‌లో కొత్త మందును పరీక్షిస్తున్నా, ఒక జీన్‌ను ఆపి చూస్తున్నా, ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న దగ్గరికి రావాల్సిందే: కణం పొరను తొలుచుకుని అవతలికి పోతోందా, లేదా? ఇలా తొలుచుకుపోవడాన్నే ఇన్వేజన్ అంటారు.

దానికి రెండు రోజుల్లో జవాబు చెప్పే వస్తువు కార్నింగ్ కంపెనీ బయోకోట్ మ్యాట్రిజెల్ ఇన్వేజన్ చాంబర్ (24 వెల్, 8 మైక్రాన్ల రంధ్రాలు). దాని పక్కనే, పూత లేని ట్రాన్స్‌వెల్ 3422 ఇన్సర్ట్‌లు (గుంటలో వేలాడే చిన్న గిన్నెలు) కొని సొంతంగా మ్యాట్రిజెల్ అనే ప్రోటీన్ జెల్ పూసుకునే పద్ధతి కూడా ఉంది. రెండింటినీ కలిపే చూద్దాం. ఎంఎస్సీ ప్రాజెక్టులో, పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: వస్తువు మంచిది. అది చెప్పని మాటను దాని నోట పలికించడమే అసలు సమస్య.

చూడ్డానికి చాలా సాదా వస్తువు. 24 గుంటల ప్లేటు, ఒక్కో గుంటలో అంచుకు వేలాడే చిన్న ప్లాస్టిక్ గిన్నె. గిన్నె అడుగు సన్నటి మెంబ్రేన్, దాని నిండా 8 మైక్రాన్ల రంధ్రాలు. మెంబ్రేన్ పైముఖాన మ్యాట్రిజెల్ పూత. కణాలు పైన, వాటికి పోషకాలిచ్చే సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) కింద. ఆకలితో ఉన్న కణం కింది సీరం వైపు పోవాలంటే ముందు జెల్‌ను తొలవాలి, తర్వాత రంధ్రంలోంచి దూరాలి. రెండు అరల గది ఆలోచన 1962లో స్టీఫెన్ బాయ్డెన్‌ది. తెల్లరక్తకణాలు ఒక వాసన వైపు ఎలా పోతాయో కొలవడానికి ఆయన దాన్ని చేశాడు. మ్యాట్రిజెల్ పూత వేసి క్యాన్సర్ కణాలకు వాడటం 1987లో మొదలైంది.

కణంలో ఏం మారితే అవతలికి పోతుంది

ఇది తెలియకుండా చాంబర్ కొంటే, వచ్చిన అంకెకు అర్థం తెలియదు. పేగు లోపలి పొరలోనో, రొమ్ములోని పాలనాళాల పొరలోనో ఉండే ఎపిథీలియల్ కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టులో ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్. బయట అది పక్క కణం ఇ-క్యాడ్‌హెరిన్‌తో ముడిపడుతుంది, లోపల బీటా-క్యాటెనిన్, ఆల్ఫా-క్యాటెనిన్‌ల మీదుగా ఆక్టిన్ తీగలకు కట్టుకుని ఉంటుంది. కాల్షియం లేకపోతే ఈ ముడి నిలవదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కణాలను విడదీసే ట్రిప్సిన్ అనే ఎంజైమ్ దగ్గర మళ్లీ వస్తుంది.

స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్1 అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (జీన్‌లను ఆన్, ఆఫ్ చేసే ప్రోటీన్లు) పెరిగితే ఇ-క్యాడ్‌హెరిన్ తగ్గిపోతుంది. దాని చోట ఎన్-క్యాడ్‌హెరిన్, వైమెంటిన్ అనే ప్రోటీన్లు పెరుగుతాయి. చతురస్రంగా, పైవైపు, కిందివైపు అనే తేడాతో ఉన్న కణం కదురులా సాగి, ముందు వెనకలు ఉన్న కణంగా మారుతుంది. దీన్నే ఎపిథీలియల్-మీసెంకైమల్ ట్రాన్సిషన్ అంటారు, ల్యాబ్ మాటల్లో ఈఎంటీ. ఇది క్యాన్సర్ కనిపెట్టిన విద్య కాదు. పిండం పెరిగేటప్పుడు కణాలు ఒక చోటి నుంచి మరో చోటికి పోవడానికి ఇదే దారి. గాయం మానేటప్పుడు చర్మ కణాలు కూడా దీన్ని కొంతమేరకు వాడుకుంటాయి. క్యాన్సర్ ఆ పాత దారినే మళ్లీ తెరుస్తుంది. తెరిపించే సంకేతాల్లో అందరికీ తెలిసింది టీజీఎఫ్-బీటా అనే గ్రోత్ ఫ్యాక్టర్. ఊపిరితిత్తి క్యాన్సర్ నుంచి వచ్చిన ఏ549 కణాలకు మి.లీ.కి 5 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా1 ఇచ్చి 48 నుంచి 72 గంటలు ఉంచితే, గులకరాళ్లు పరిచినట్టున్న కణాలు సాగి విడివిడిగా కనిపించడం మైక్రోస్కోప్‌లోనే తెలుస్తుంది.

పట్టు వదిలితే సరిపోదు. ఎపిథీలియం కింద బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే ఆధార పొర ఉంటుంది. దాన్ని కోయడానికి ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 లాంటి ఎంజైములు, అన్నిటికన్నా ముఖ్యంగా కణం పైపొరలోనే పాతుకుని ఉండే ఎంటీ1-ఎంఎంపీ కావాలి. ఎంఎంపీ-2ను నిద్రలేపేది కూడా ఈ ఎంటీ1-ఎంఎంపీయే. కణం అడుగున ఇన్వడోపోడియా అనే చిన్న ఆక్టిన్ మొనలు పుట్టుకొచ్చి, సరిగ్గా అక్కడే ఈ ఎంజైములను వదులుతాయి. ఎక్కడపడితే అక్కడ కరిగించడం కాదు, బర్మా పెట్టి తొలిచినట్టు.

ఇక మూడోది న్యూక్లియస్. కణం మెత్తగా సాగి ఎంత సన్నటి సందులోకైనా చెయ్యి చాపగలదు గానీ, న్యూక్లియస్ గట్టి సామాను. దాని గోడలోని లామిన్ ఎ/సి అనే ప్రోటీన్ ఎంత ఎక్కువుంటే అంత బిర్రుగా ఉంటుంది. 8 మైక్రాన్ల రంధ్రాన్ని చాలా క్యాన్సర్ కణాల న్యూక్లియస్ కొద్దిగా నలిగి దాటుతుంది. 3 మైక్రాన్లలో అదే కణం సగం అవతల, సగం ఇవతల ఇరుక్కుంటుంది. కాబట్టి రంధ్రం సైజు ఎంచుకోవడం అంటే ఏ అడ్డంకిని కొలవాలో ఎంచుకోవడం. 8 మైక్రాన్లు తీసుకుంటే ప్రధాన అడ్డంకి జెల్ అవుతుంది. 3 మైక్రాన్లు తీసుకుంటే న్యూక్లియస్ అవుతుంది. ఎపిథీలియల్ గడ్డల కణాలకు 8 తీసుకోండి. 3, 5 మైక్రాన్లవి లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్ లాంటి చిన్న కణాలకు.

జెల్ సంగతి

మ్యాట్రిజెల్ ఎలుకలో పెరిగే ఈహెచ్‌ఎస్ సార్కోమా అనే గడ్డ నుంచి తీసిన సారం. సుమారు 60 శాతం లామినిన్, 30 శాతం కొలాజెన్-4, మిగతాది ఎంటాక్టిన్, పెర్లెకాన్ లాంటివి. అంటే ఆధార పొరలో ఉండే సరుకే. కానీ సరుకు ఒకటే అయినంత మాత్రాన గోడ ఒకటే కాదు. అసలు శరీరంలో కొలాజెన్-4 దారాలు ఒకదానికొకటి రసాయన బంధాలతో బిగుసుకుని ఉంటాయి. మ్యాట్రిజెల్‌లో ఆ బిగింపు ఉండదు. అందుకే ఎంజైమ్ వాడకుండానే గుండ్రంగా మారి, ఒత్తుకుంటూ, జెల్‌ను పక్కకు నెట్టి దూరే కణాలు ఇందులో సులువుగా పాసైపోతాయి. జీఎం6001 లాంటి ఎంఎంపీ నిరోధకం ఇచ్చినా ఇన్వేజన్ పెద్దగా తగ్గలేదంటే మీ మందు పాడైపోయిందని వెంటనే అనుకోవద్దు. కణం నడక మార్చి ఉండొచ్చు. అప్పుడు రో-కైనేజ్ (కణం బిగుసుకుని ఒత్తుకుంటూ దూరడానికి వాడే ఎంజైమ్) నిరోధకం వై-27632ను 10 మైక్రోమోలార్ దగ్గర విడిగానూ, జీఎం6001తో కలిపీ వేసి చూడండి. రెండూ కలిస్తేనే పడిపోతే విషయం తేలినట్టే.

ఇది జీవి నుంచి తీసిన సరుకు కాబట్టి లాట్‌కీ లాట్‌కీ, అంటే ఒక్కో విడత తయారీకి, తేడా ఉంటుంది. ప్రోటీన్ గాఢత చాలావరకు మి.లీ.కి 8 నుంచి 12 మి.గ్రా. మధ్య ఉంటుంది, ఆ లాట్ అంకె సర్టిఫికెట్‌లో ఇస్తారు. పేపర్లలో తరచూ ‘1:8 డైల్యూషన్’ అని మాత్రమే రాస్తారు. దానివల్ల మిగతావాళ్లకు ఏ ఉపయోగమూ లేదు. 8 మి.గ్రా. లాట్‌లో 1:8, 12 మి.గ్రా. లాట్‌లో 1:8 ఒకటి కావు, గోడ మందం ఒకటిన్నర రెట్లు మారిపోతుంది. మైక్రోగ్రాముల్లో లెక్క కట్టండి, అలాగే రాయండి.

మామూలు మ్యాట్రిజెల్‌లో ఈజీఎఫ్, ఐజీఎఫ్-1, టీజీఎఫ్-బీటా లాంటి గ్రోత్ ఫ్యాక్టర్లు కూడా ఉంటాయి. టీజీఎఫ్-బీటాయే కణాన్ని మార్చే సంకేతమని పైన చూశాం కదా. ఈఎంటీ మీద ప్రశ్న వేస్తూ టీజీఎఫ్-బీటా ఉన్న జెల్ మీద కణాలు చల్లితే, జవాబులో సగం జెల్‌దే కావచ్చు. అలాంటి పనికి గ్రోత్ ఫ్యాక్టర్ రెడ్యూస్డ్ రకం తీసుకోండి. అందులోనూ టీజీఎఫ్-బీటా పూర్తిగా పోదు, కాబట్టి సంకేతం ఇవ్వని కంట్రోల్ ఎలాగూ తప్పదు. జెల్‌ట్రెక్స్, కల్ట్రెక్స్ పేర్లతో వచ్చేవీ ఇదే ఎలుక గడ్డ నుంచి తీసినవే. బ్రాండ్ మారిస్తే ఈ లోపాలు పోతాయనుకోవద్దు.

మన ఎండల్లో దీన్ని కాపాడుకోవడం ఒక పని. జెల్ 10 డిగ్రీలు దాటగానే గట్టిపడటం మొదలుపెడుతుంది, 22 నుంచి 35 డిగ్రీల మధ్య త్వరగా గడ్డకడుతుంది. మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏసీ సరిగ్గా లేని గది అంటే అదే వేడి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే డీలర్‌తో చెప్పండి: డ్రై ఐస్‌లోనే రావాలి, వారాంతంలో గోడౌన్‌లో పడి ఉండేలా పంపొద్దు అని. డబ్బా తెరవగానే డ్రై ఐస్ మిగిలి ఉందో లేదో చూసి ఫొటో తీసుకోండి. ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు కరిగించుకోవడానికి అది తనంతట తానే వేడెక్కి చల్లబడుతుంటుంది, ఆ ప్రతిసారీ జెల్ కొంచెం కొంచెం పాడవుతుంది.

సొంతంగా పూసుకోవడం

సీసాను ముందురోజు సాయంత్రం ఐస్ బకెట్‌లో పెట్టి, ఆ బకెట్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ తలుపు దగ్గర కాదు, లోపల వెనక. టిప్పులు, ట్యూబులు, బఫర్ కూడా ముందే చల్లబరచాలి. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే: జెల్ చల్లగా ఉంటుంది, టిప్పు గది వేడిలో ఉంటుంది. టిప్పు గోడకు తగిలిన జెల్ అక్కడే ముద్దకట్టి, ప్రతి ఇన్సర్ట్‌లో వేరే మందం పూత పడుతుంది. కంటికి ఏమీ తెలియదు. ఫలితాల్లో ఎర్రర్ బార్లు తాటిచెట్లలా లేచినప్పుడు తెలుస్తుంది.

కోటింగ్ బఫర్: 0.01 మోలార్ ట్రిస్, పీహెచ్ 8.0, 0.7 శాతం ఉప్పు. అందులో మ్యాట్రిజెల్ మి.లీ.కి 200 నుంచి 300 మైక్రోగ్రాములు ఉండేలా కలపండి. 24 వెల్ ఇన్సర్ట్‌కు 100 మైక్రోలీటర్లు. ఉదాహరణకు లాట్ గాఢత మి.లీ.కి 9 మి.గ్రా. అనుకుందాం. 12 ఇన్సర్ట్‌లకు 1.2 మి.లీ. కావాలి, కాస్త ఎక్కువే ఉండాలి కాబట్టి 1.5 మి.లీ. చేస్తాం. 300 మైక్రోగ్రాముల దగ్గర మొత్తం 450 మైక్రోగ్రాములు, అంటే స్టాక్ నుంచి 50 మైక్రోలీటర్లు, బఫర్ 1450. ఐస్ మీదే కలపాలి. వోర్టెక్స్ వద్దు, పైపెట్‌తో నెమ్మదిగా. ఇన్సర్ట్ మధ్యలో చుక్క వేసి, ప్లేటును బల్ల మీద సమంగా ఉంచి, 37 డిగ్రీల్లో 2 గంటలు. ఇంక్యుబేటర్ అర వంగి ఉంటే పూత ఒక పక్కకు జారుతుంది, స్పిరిట్ లెవెల్ పెట్టి ఒకసారి చూసుకోండి. 2 గంటల తర్వాత మిగిలిన ద్రవాన్ని తీసేసేటప్పుడు టిప్పు మెంబ్రేన్‌కు తగలకూడదు.

ఈ లెక్కన 5 మి.లీ. సీసా వెయ్యి ఇన్సర్ట్‌లకు పైగా వస్తుంది. రెడీమేడ్ పెట్టెలో ఉండేవి రెండు ప్లేట్ల సరుకే. పది సార్లకు మించి చేసే ల్యాబ్‌లో రెడీమేడ్ కొంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కానీ కొత్తవాళ్లు మొదటి పెట్టె రెడీమేడ్‌దే తీసుకోవాలని గట్టిగా చెబుతాం. అందులో పూత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, ఫలితం తేడా కొడితే తప్పు కణాల దగ్గరుందో చేతి దగ్గరుందో తెలుస్తుంది. పూత కూడా మీదే అయితే మూడు చోట్ల వెతకాలి.

ఇంకో తేడా మెంబ్రేన్‌ది. బయోకోట్‌ది పెట్ (పీఈటీ ప్లాస్టిక్) మెంబ్రేన్, దాని ద్వారా కణాలు కొంతవరకు కనిపిస్తాయి. 3422 పాలికార్బొనేట్, మసగ్గా ఉంటుంది. రంగు వేసేదాకా లోపల ఏం జరుగుతోందో చూడలేం. పాలికార్బొనేట్‌లో చదరపు సెంటీమీటరుకు లక్ష రంధ్రాలు. 6.5 మి.మీ. ఇన్సర్ట్ అడుగు 0.33 చ.సెం.మీ. కాబట్టి సుమారు 33 వేల రంధ్రాలు. మొత్తం అడుగులో రంధ్రాల వాటా 5 శాతమే. మిగతా 95 శాతం మీద కణం పాక్కుంటూ రంధ్రాన్ని వెతుక్కోవాలి. కదలిక సరిగ్గా లేని కణం జెల్‌ను ఎంత బాగా తొలిచినా తక్కువే కనిపిస్తుందంటే కారణం ఇదే.

అసలు పరీక్ష

రెడీమేడ్ అయితే పెట్టెను ఫ్రీజర్ నుంచి తీసి గది వేడికి రానివ్వండి. గోరువెచ్చటి, బైకార్బొనేట్ ఉన్న మీడియా పైన 0.5 మి.లీ., కింద 0.5 మి.లీ. పోసి, 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో 2 గంటలు తడవనివ్వండి. ఒకసారి తడిసినవాటిని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టి దాచుకోవడం కుదరదు. ఎన్ని కావాలో అన్నే తీయండి.

కణాలను ట్రిప్సిన్‌తో విడదీసేటప్పుడు చెయ్యి తొందరగా ఆపాలి. ఎక్కువసేపు ఉంచితే ఉపరితలంలోని ఇంటెగ్రిన్లు (జెల్‌ను పట్టుకునే ప్రోటీన్లు), ఇ-క్యాడ్‌హెరిన్ తెగిపోతాయి. ట్రిప్సిన్‌లో కలిసి ఉండే ఈడీటీఏ కాల్షియాన్ని లాగేస్తుంది కాబట్టి క్యాడ్‌హెరిన్‌కు రక్షణ కూడా ఉండదు. తర్వాత సీరం పోసి ఆపితే ఆ సీరాన్ని పూర్తిగా కడగాలి. సోయా ట్రిప్సిన్ ఇన్హిబిటర్‌తో ఆపడం ఇంకా మేలు. పై అరలో సీరం మిగిలితే పైకీ కిందకీ తేడా తగ్గి, కణాలకు కిందకు పోయే అవసరమే ఉండదు. 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు ఆల్బుమిన్) ఉన్న సీరం లేని మీడియాలో కలపండి. 40 మైక్రాన్ల జల్లెడలో ఒకసారి వడకడితే ముద్దలు పోతాయి.

మి.లీ.కి 50 వేల కణాలు, ఇన్సర్ట్‌కు 0.5 మి.లీ., అంటే 25 వేలు. కింద 5 లేదా 10 శాతం సీరం ఉన్న మీడియా 0.75 మి.లీ. ఈ కొలతలు బయోకోట్‌వి. 3422లో పైన 100, కింద 600 మైక్రోలీటర్లు. ఇన్సర్ట్‌ను కింది మీడియాలోకి వాలుగా దించండి, నిలువుగా దించితే అడుగున గాలిబుడగ చిక్కుతుంది. బుడగ ఉన్నచోట మెంబ్రేన్ కింద ద్రవం తగలదు, అక్కడ ఒక్క కణమూ దిగదు. ప్లేటును ఎత్తి కింద నుంచి చూస్తే తళతళ మెరిసే గుండ్రటి మచ్చలా కనిపిస్తుంది. ఇంక్యుబేటర్‌లో పెట్టకముందే చూసుకోవాలి.

కంపెనీ చెప్పే సమయం 22 గంటలు. సమయం ఎక్కువైతే రెండు చిక్కులు. కిందా పైనా సీరం కలిసిపోయి ఆకర్షణ పోతుంది, కణాలు విభజన చెంది లెక్క పెరుగుతుంది. 48 గంటలు తప్పనిసరైతే విభజన అడ్డు రాకుండా మైటోమైసిన్-సి మి.లీ.కి 10 మైక్రోగ్రాముల దగ్గర ముందుగా 2 గంటలు ఇచ్చి కడగడం వాడుకలో ఉంది. కానీ అది కొన్ని కణాలకు విషం. ముందు చిన్న ట్రయల్ చేయండి.

తీసేటప్పుడు పైముఖాన మిగిలిన కణాలను కాటన్ స్వాబ్‌తో తుడవాలి. ఒకటి పొడిది, రెండోది మీడియాలో తడిపినది. నొక్కి తుడిస్తే మెంబ్రేన్ సాగి చిరుగుతుంది, భయపడి తేలిగ్గా తుడిస్తే జెల్‌తో పాటు పై కణాలు మిగిలిపోయి అవే లెక్కలోకి వస్తాయి. అంచు మూలల్లో స్వాబ్ సరిగ్గా తగలదు, అక్కడే ఎక్కువ మిగులుతాయి. తర్వాత కిందిముఖాన్ని మిథనాల్‌లో ముంచి ఫిక్స్ చేసి, క్రిస్టల్ వయొలెట్ లేదా 1 శాతం బొరాక్స్‌లో కలిపిన 1 శాతం టొల్యూడిన్ బ్లూ వేయండి.

మైక్రోస్కోప్ కింద బాగా వచ్చిన మెంబ్రేన్‌ను ఒకసారి చూస్తే మరిచిపోలేరు. అంతా ఒకే కొలతలో, గీసినట్టున్న గుండ్రటి తెల్లటి చుక్కలు. అవి రంధ్రాలు. వాటి మధ్య ఊదారంగులో సాగిన కణాలు, ఒక్కోదానికి ముదురు న్యూక్లియస్. అక్కడక్కడా ఒక కణం రంధ్రంలోంచి సగమే బయటికి వచ్చి, న్యూక్లియస్ ఇంకా అంచు దగ్గరే నలిగి ఉంటుంది. దాన్ని లెక్కపెట్టాలా వద్దా అని ముందే ఒక నియమం పెట్టుకోండి. న్యూక్లియస్ పూర్తిగా కింద ఉంటేనే లెక్క అన్నది మేం సిఫార్సు చేసే నియమం. 20 ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు, మొత్తం అయిదు ఫీల్డ్‌లు. ఏది మందు వేసినదో తెలియని మనిషి లెక్కపెట్టాలి. రంగును 10 శాతం అసిటిక్ యాసిడ్‌లో కరిగించి 590 నానోమీటర్ల దగ్గర కొలిచే పొట్టి దారి ఉంది. అయితే జెల్ కూడా రంగు పీల్చుకుంటుంది కాబట్టి, కణాలు వేయని పూత ఇన్సర్ట్ ఒకటి బ్లాంక్‌గా పెట్టకపోతే ఆ అంకెకు విలువ లేదు.

అంకెలో ఏముందో చదవడం

ప్రతి ప్రయోగంలో పూత ఉన్న ఇన్సర్ట్ పక్కన పూత లేని కంట్రోల్ ఇన్సర్ట్ తప్పక ఉండాలి. బడ్జెట్ తక్కువని దీన్ని వదిలేసేవాళ్లు ఉన్నారు. ఈ వస్తువులో విలువంతా ఆ జతలోనే ఉంది. పూత ఉన్నదాంట్లో దిగిన సగటు కణాలను, పూత లేనిదాంట్లో దిగిన సగటుతో భాగించి వందతో గుణిస్తే ఇన్వేజన్ శాతం వస్తుంది.

ఊహించిన అంకెలతో చూడండి. మందు లేనప్పుడు పూత లేని ఇన్సర్ట్‌లో ఫీల్డ్‌కు 200 కణాలు, పూత ఉన్నదాంట్లో 70. శాతం 35. మందు వేశాక 100, 35 వచ్చాయి. జెల్ ఇన్సర్ట్ ఒక్కటే చూసినవాళ్లు ‘ఇన్వేజన్ సగానికి పడిపోయింది’ అని రాస్తారు. కానీ శాతం ఇప్పటికీ 35. అంటే జెల్‌ను తొలిచే శక్తి ఏమీ తగ్గలేదు. కణాల కదలిక తగ్గి ఉండాలి, లేదా కణాలు చచ్చిపోయి ఉండాలి. అదే 190, 27 వచ్చి ఉంటే శాతం 14. అప్పుడు ఆ మందు తొలిచే పనినే దెబ్బతీసిందని నమ్మకంగా అనవచ్చు.

చచ్చిపోవడం అన్నమాట తేలిగ్గా తీసుకోవద్దు. మొక్కల సారాలతో, కొత్త అణువులతో చేసే ప్రాజెక్టుల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. 24 గంటల్లో 40 శాతం కణాలను చంపే మోతాదు దగ్గర ఇన్వేజన్ 40 శాతం తగ్గితే అది క్యాన్సర్ వ్యాప్తిని ఆపే మందు కాదు, మామూలు విషం. అదే రోజు, అదే సీరం లేని మీడియాలో, అదే 22 గంటలకు వయబిలిటీ, అంటే ఎన్ని కణాలు బతికున్నాయో, చూడాలి. సీరం ఉన్న మీడియాలో వారం క్రితం చేసిన ఎంటీటీ అనే వయబిలిటీ పరీక్ష పనికిరాదు, ఆకలితో ఉన్న కణం తక్కువ మోతాదుకే చస్తుంది.

కింద సీరం వల్ల కణాలు దిగాయా, ఊరికే గజిబిజిగా తిరిగి పడ్డాయా అన్న సందేహం తీరాలంటే పైనా కిందా ఒకే శాతం సీరం పెట్టిన ఇన్సర్ట్ ఒకటి చాలు. ఇక మూడు ఇన్సర్ట్‌లు, వాటిలో అయిదేసి ఫీల్డ్‌లు కలిపి ‘ఎన్ 15’ అని, అంటే పదిహేను విడి ప్రయోగాలని, రాయకండి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్ (కొత్త ప్లేటుకు మార్చి పెంచిన తరం) కణాలతో మూడుసార్లు చేస్తే ఎన్ 3.

కణాల ఎంపిక కూడా చెప్పాలి. బాగా తొలిచేదానికి హెచ్‌టీ-1080, తొలవనిదానికి ఎన్‌ఐహెచ్-3టీ3 కణాలు ఈ పరీక్షకు పాత కొలబద్దలు. రొమ్ము క్యాన్సర్ మీద పనిచేసేవాళ్లకు ఎండీఏ-ఎంబీ-231, ఎంసీఎఫ్-7 జత సరిపోతుంది. మొదటిదాంట్లో వైమెంటిన్ ఎక్కువ, ఇ-క్యాడ్‌హెరిన్ దాదాపు ఉండదు. రెండోది ఇ-క్యాడ్‌హెరిన్ నిండుగా ఉండి గుంపుగా పెరుగుతుంది. కొత్త ప్లేటు, కొత్త లాట్ వచ్చిన ప్రతిసారీ ఈ రెంటి మధ్య తేడా స్పష్టంగా రావాలి, రాకపోతే మిగతా ప్రయోగం మొదలుపెట్టొద్దు. కణాలను పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చుకోకుండా పుణేలోని ఎన్‌సీసీఎస్ (జాతీయ కణ విజ్ఞాన కేంద్రం) రిపాజిటరీ లాంటి చోటు నుంచి తెప్పించండి, ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (డీఎన్‌ఏతో కణాలను గుర్తుపట్టే పరీక్ష), మైకోప్లాస్మా అనే బాక్టీరియా పరీక్ష చేయించండి. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను ఏళ్ల తరబడి రొమ్ము క్యాన్సర్ అనుకుని మెటాస్టాసిస్ (క్యాన్సర్ వ్యాప్తి) ప్రయోగాల్లో వాడారు. తీరా చూస్తే అవి ఎం14 అనే మెలనోమా కణాలు.

ఈ చాంబర్ చెప్పనివి

వ్యాప్తి అనేది చాలా మెట్లున్న ప్రయాణం. పొర తొలవడం, రక్తనాళంలోకి దూరడం, రక్తపు ఒత్తిడిలో బతకడం, దూరపు అవయవంలో నాళం గోడ దాటి బయటపడటం, అక్కడ గడ్డగా పెరగడం. ఈ చాంబర్ కొలిచేది మొదటి మెట్టును. రక్తంలోకి చేరిన కణాల్లో అత్యధికం చచ్చిపోతాయి, చివరి మెట్టు ఎక్కేవి చాలా కొద్ది. 1889లోనే స్టీఫెన్ పాజెట్ విత్తనం, నేల అనే పోలికతో చెప్పింది ఇదే: ఏ అవయవంలో పడిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఇన్సర్ట్ అడుగున ఉన్నది ప్లాస్టిక్, నేల కాదు. ‘ఈ జీన్ మెటాస్టాసిస్‌ను పెంచుతుంది’ అని ఈ ఒక్క ప్రయోగంతో రాయడం తప్పు. ‘మ్యాట్రిజెల్‌లోకి చొచ్చుకుపోవడాన్ని పెంచుతుంది’ అని రాస్తే అంతా నిజమే.

ఈఎంటీ కూడా స్విచ్ వేసినట్టు అటో ఇటో జరిగేది కాదు. సగం మారి, ఇ-క్యాడ్‌హెరిన్ కొంత ఉంచుకుని, గుంపుగా కదిలే కణాలున్నాయి. రక్తంలో అలా గుంపులుగా పోయేవి ఒంటి కణాల కన్నా ఎన్నో రెట్లు సమర్థంగా కొత్త గడ్డలు పెట్టగలవని ఎలుకల్లో చూశారు. దూరంగా చేరాక తిరిగి ఇ-క్యాడ్‌హెరిన్ తెచ్చుకుని ఎపిథీలియల్ రూపానికి మళ్లితేనే బాగా పెరిగేవీ ఉన్నాయి. జల్లెడ పట్టి విడివిడిగా చల్లే ఈ పద్ధతిలో గుంపు అన్నమాటే లేదు. మీ ప్రశ్న గుంపు కదలిక గురించైతే ఈ పెట్టె కొనకండి. కణాల ఉండలు చేసి కొలాజెన్-1 జెల్‌లో పొదిగి, రోజూ ఫొటో తీసి అంచు ఎంత పాకిందో కొలిచే స్ఫెరాయిడ్ పద్ధతి దానికి సరైనది. కేవలం కదలిక చాలనుకుంటే పూత లేని ఇన్సర్టో, గీత గీసి మూసుకుపోవడం చూసే స్క్రాచ్ పరీక్షో సరిపోతుంది.

స్వాబ్ పట్టుకునే చెయ్యి మీద నమ్మకం లేనివాళ్లకు, వందల శాంపిళ్లు చూడాల్సినవాళ్లకు ఫ్లూరోబ్లాక్ ఇన్సర్ట్‌లు మేలు. వాటి మెంబ్రేన్ 490 నుంచి 700 నానోమీటర్ల వెలుగును ఆపేస్తుంది. కణాలకు కాల్సీన్-ఏఎం అనే వెలిగే రంగు వేసి, ప్లేట్ రీడర్‌లో కింద నుంచి చదివితే దిగిన కణాలే వెలుగుతాయి. తుడిచే పని లేదు, ఒకే ప్లేటును గంట గంటకూ చదవొచ్చు. ఖరీదు ఎక్కువ, కింద నుంచి చదివే రీడర్ కావాలి. ఆర్డర్ ఇచ్చే ముందు ఆ రీడర్ ట్రే ఎత్తులో ఇన్సర్ట్ ప్లేటు పడుతుందో లేదో ఒక పాత ప్లేటు పెట్టి చూసుకోండి.